కప్తాను కాగితాలు - మన భోషాణాలు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠను దాటే కోనసీమ ప్రయాణికునికి ఎదుట కనిపించేది నరసాపురం. పంటు కదిలి అవతలి గట్టు చేరేలోగా అతడు కొబ్బరికాయల ధరను గూర్చి ఆలోచిస్తాడు. కోర్టు వాయిదాను గూర్చి ఆలోచిస్తాడు. లేదా పెండ్లి బట్టల మూట తడుస్తుందేమోనని దగ్గరకు లాగుకొంటాడు. సుమారు మూడువందల యాభై సంవత్సరాల క్రిందట ఇదే నీటి అంచున సముద్రాలు దాటే పెద్ద ఓడలు తయారయ్యేవనీ, ఆ గట్టున కొలిములలో లంగరులు సాగగొట్టే సమ్మెట చప్పుడు వినవచ్చేదనీ ఎవరైనా చెప్పితే అతడు నమ్ముతాడా?

నమ్మవలసిన మాటే. అయితే ఆ సంగతిని ఇంత వివరంగా మనకు చెప్పినది మన కావ్యం కాదు, మన శాసనం కాదు, మన కరణంగారి లెక్క కాదు. ఒక పరదేశపు సరుకుల ఓడ కప్తాను తన కోసం వ్రాసుకొన్న కాగితాలు చెప్పినవి. ఆ కాగితాలను గూర్చి, వాటి నెపంతో మన ఇండ్లలోని కాగితాలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాను. నేను నగరంలో పుట్టినవాడను. వశిష్ఠకూ వైనతేయకూ నడుమనున్న మా లంకభూమిని పాత ఇంగ్లీషు దస్త్రాలు నగరం దీవి అనే పేర్కొన్నవి. కనుక ఏటికి అవతలనున్న నరసాపురం కథ నాకు పొరుగింటి కథ.

ఆ కప్తాను పేరు తామస్ బౌరీ. ఇంగ్లండు దేశీయుడు. 1669లో మద్రాసు చేరినాడు. తూర్పు ఇండియా కుంఫిణీ కొలువులో కుదురుకొన్న ఉద్యోగి కాడు. సొంతాన వ్యాపారం చేసుకొంటూ, ఒకప్పుడు తన సరుకూ మరియొకప్పుడు పరుల సరుకూ వేసుకొని రేవు నుండి రేవుకు తిరిగే నావికుడు. మచిలీపట్నం, నరసాపురం, బెంగాలు రేవులు, ఆవల మలయా తీరం - బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలన్నీ అతనికి వాకిలి వంటివే. ఆ విధంగా ఇంచుమించు 19 ఏండ్లు గడిపి 1689లో స్వదేశం చేరుకొన్నాడు. ప్రయాణాలలో పోగుచేసుకొన్న మలయా మాటలను కూర్చి 1701లో లండనులో ఒక నిఘంటువు అచ్చు వేయించినాడు. మలయా భాషకు ఇంగ్లీషు అర్థాలతో వెలువడిన నిఘంటువులలో అదే మొదటిది. తరువాతి కాలంలో ఓడలలో వాటాలు కొని, వాటిని తూర్పు దేశాలకు పంపే వ్యాపారిగా స్థిరపడి, 1713లో మరణించినాడు.

ఇంతవరకు ఇది అనేకమంది నావికుల కథయే. బౌరీని విశేష పురుషునిగా చేసినవి అతని కాగితాలు. బంగాళాఖాతపు దేశాలను గూర్చి, 1669 మొదలు 1679 వరకు తాను చూచిన సంగతులను అతడు ఒక వ్రాతప్రతిలో పొందుపరచినాడు. దానిమీద కర్త పేరు పూర్తిగా లేదు; పేరులోని మొదటి అక్షరాలు రెండు మాత్రమే ఉన్నవి. ఆ ప్రతి చేతులు మారి మారి, చివరకు అండమాను దీవులలో చీఫ్ కమిషనరుగా పనిచేసిన సర్ రిచర్డు కార్నాక్ టెంపుల్ అనే పండితుని కంటబడినది. ఆ రెండక్షరాల మనిషి బౌరీయే అని ఆయన నిర్ణయించి, 1905లో హక్లూయిట్ సంఘం పక్షాన ఆ గ్రంథాన్ని ప్రకటించినాడు.

అటుపిమ్మట ఎనిమిది సంవత్సరాలకు, 1913లో, ఒక చిత్రం జరిగింది. ఇంగ్లండులో సముద్రానికి ఎంతో ఎడంగా ఉండే వూస్టర్ మండలంలో క్లీవ్ ప్రయర్ అనే పల్లె ఉన్నది. అక్కడి పాత దివాణంలో జాన్ హంఫ్రీస్ అనే ఆయనకు ఒక పెట్టె నిండుగా ప్రాతకాగితాలు దొరికినవి. విప్పి చూస్తే అవి తామస్ బౌరీ కాగితాలు! ఉత్తరాలు, రశీదులు, ఒప్పందాలు, ఓడ ఖర్చుల పద్దులు, కప్తానులకు ఇచ్చిన ఆజ్ఞాపత్రాలు, 1698లో హాలండు, ఫ్లాండర్సు దేశాలలో ఆరు వారాలు తిరిగినప్పటి దినచర్య - అన్నీ ఉన్నవి. మనిషి మరణించిన సరిగా రెండువందల ఏండ్లకు అతని వ్యవహారమంతా వెలుగు చూచింది. వాటిలో కొంత భాగాన్ని టెంపుల్ పండితుడే 1927లో ప్రకటించినాడు.

పాత రశీదులకు ఇంత ఆర్భాటమెందుకని మీరు అడుగవచ్చును. గ్రంథం వ్రాసేవాడు చదివేవానిని మనస్సులో ఉంచుకొని వ్రాస్తాడు. కొంత అలంకరిస్తాడు, కొంత దాస్తాడు. రశీదు వ్రాసేవానికి ఎవరినీ మెప్పించే పని లేదు. మేకులు ఇన్ని మణుగులు, వాటి వెల ఇంత, ముట్టినది ఇంత, బాకీ ఇంత - అంతే. ఎవరికీ చూపించడానికి వ్రాయని కాగితం కనుకనే అది మంచి సాక్షి అవుతుంది.

బౌరీ గ్రంథంలో కూడా ఈ లెక్కల మనిషి చూపు కనిపిస్తుంది. బజారులో దొరికే భంగు తాగితే ఏమవుతుందో తెలిసికొనవలెనని అతడూ, అతని తోటి నావికులూ ఒకనాడు తలుపులు బిగించుకొని తాగినారట. ఒకడు నేలమీద కూర్చుండి మధ్యాహ్నమంతా వెక్కి వెక్కి ఏడ్చినాడు. ఒకడు భయంతో పెద్ద జాడీలో తల దూర్చి నాలుగు గంటలు అట్లే ఉండిపోయినాడు. ఒకడు వసారాలోని కొయ్య స్తంభంతో ముష్టియుద్ధం చేసి వ్రేళ్ల చర్మం ఊడగొట్టుకొన్నాడు. బౌరీ మాత్రం మరియొక స్నేహితునితో కూడ మూడు గంటల సేపు చెమటలు కార్చుకొంటూ కూర్చున్నాడు. తన వెర్రితనాన్ని సైతం సరుకు పట్టీ వ్రాసినట్లు వ్రాసిపెట్టిన మనిషి! అందుచేత అతడు నరసాపురాన్ని మెచ్చుకొన్నప్పుడు ఆ మెప్పును తేలికగా తీసివేయడానికి వీలులేదు.

అతడు నరసాపురాన్ని గూర్చి ఏమన్నాడు? అక్కడ ఓడలకు పనికివచ్చే ఏపైన కలప సమృద్ధిగా దొరుకుతుందన్నాడు. ఈ తీరంలో అంతకంటె మేలైన ఇనుము లేదన్నాడు. మేకులు, మరలు, లంగరులు మొదలైన ఇనుప పని ఏదైనా అక్కడి కమ్మరులు నేర్పుగా చేస్తారన్నాడు. ఓడలు కట్టే మేస్త్రీలలో ఆరితేరిన వారు పలువురు ఉన్నారనీ, ఓడను నీటిలోనికి దింపడంలో వారు చూపే జాగ్రత్తను మించినది తాను లోకంలో ఎక్కడా చూడలేదనీ వ్రాసినాడు. కొయ్యలను నిలబెట్టే మోకులను పేనడంలో కూడా వారిది గొప్ప పద్ధతి అన్నాడు. ఇంగ్లీషు వర్తకులూ కప్తానులూ ఏటేటా తమ ఓడలను అక్కడ కట్టించుకొనేవారు, బాగుచేయించుకొనేవారు.

ఓడను నీటిలోనికి దింపడం అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాము. గట్టుమీద కట్టిన ఓడ నెలల తరబడి దిమ్మెలమీద నిలిచి ఉంటుంది. దానిని నదిలోకి జార్చడం ఒక్క పూటలో జరుగవలసిన పని. పోటు ఎప్పుడు నిండుతుందో, పాటు ఎప్పుడు మొదలవుతుందో తెలియవలెను. నది అడుగున ఇసుక ఈ ఏడు ఎక్కడ మేట వేసినదో తెలియవలెను. వందలమంది చేతులు ఒక్కడి కేకకు కదలవలెను. ఒక ప్రక్కకు ఒరిగినదా, ఏడాది కష్టం బురద పాలు. లోకంలోని ఎన్నో రేవులు చూచిన కప్తాను నోట వచ్చిన ఆ ఒక్క ప్రశంస వెనుక గోదావరి పోటుపాటులను తరతరాలుగా ఎరిగిన పనివారి విద్య అంతా ఉన్నది.

ఆ రోజులలో ఇది గోలకొండ సుల్తానుల రాజ్యం. సుల్తానుగారి ఓడలు అరకాను, తెనాసరిం, సింహళం వెళ్లి ఏనుగులను కొనితెచ్చేవని బౌరీ వ్రాసినాడు. ఒక్కొక్క ఓడలో 14 మొదలు 26 ఏనుగుల వరకు వచ్చేవట! అంత బరువును, అందులోనూ కదిలే బరువును, అలలమీద మోసుకొని రాగల ఓడకు ప్రక్క బల్లలు ఎంత దళసరిగా ఉండవలెనో మనం ఊహించుకొనవచ్చును. పెద్ద ఓడలతోబాటు మన చిన్న పడవలను కూడా అతడు విడిచిపెట్టలేదు. మేకు అన్నది లేకుండా బల్లలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టిన మసూలా పడవనూ, నాలుగు దుంగలు కట్టిన తెప్పనూ బొమ్మలు గీసి మరీ చూపించినాడు. మేకులు కొట్టిన గట్టి పడవ కెరటానికి ఎగిరి ఇసుకమీద పడితే పగులుతుంది; కుట్టిన పడవ వంగి, సాగి, తిరిగి నిలుస్తుంది. అందుకే రేవుకట్ట లేని తీరంలో సరుకు దింపడానికి పరదేశపు వర్తకులందరికీ ఆ పడవలే దిక్కయినవి.

నరసాపురం ప్రక్కనే మాధవాయపాలెం ఉన్నది. ఇంగ్లీషువారు దానిని మాడపోల్లం అన్నారు. అక్కడ వారి బట్టల ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఊరి పేరు ఒక విధమైన నూలుబట్టకు పేరై ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది. పాలకొల్లులో డచ్చివారు ఉండేవారు. తరువాత 18వ శతాబ్దిలో ఇటు కోనసీమ వైపున బెండమూర్లంకలో కూడా ఇంగ్లీషువారు ఫ్యాక్టరీ పెట్టినారు. ఊరి పేరు నిలిచింది, బట్ట పేరు నిలిచింది, ఫ్యాక్టరీ దొరల పేర్లు నిలిచినవి.

మరి ఓడ కట్టిన మేస్త్రీ పేరు? ఇక్కడనే బౌరీ కాగితాలు మన మనస్సును కలత పెడతవి. క్లీవ్ ప్రయర్ పెట్టెలో దొరికిన కాగితాలలో మేరీ గాలీ అనే ఓడ చరిత్ర ఉన్నది. 1704లో థేమ్సు నది ఒడ్డున తయారైన ఆ ఓడలో బౌరీకి వాటా ఉన్నది. ఆ ఓడ పనికి కావలసిన సామగ్రి ఎవరు ఇచ్చినది, ఎవరికి ఎంత చెల్లించినది, కప్తాను జోసెఫ్ టోల్సన్‌కు యజమానులు ఏమి ఆజ్ఞాపించినది - ఇవన్నీ పేర్లతో, అంకెలతో నేటికీ చదువుకొనవచ్చును. ఆ పనివారు మహాపురుషులు కారు. వారి బిల్లులు ఎవరో పారవేయలేదు, అంతే. కనుక వారు చరిత్రలో ఉన్నారు. లోకంలో సాటిలేని నేర్పు గలవారని అదే బౌరీచేత అనిపించుకొన్న నరసాపురం మేస్త్రీల పేరు ఆ ప్రశంసలో ఒక్కటైనా లేదు. నేర్పు మిగిలింది, పేరు పోయింది. లోపం బౌరీది అనలేము. అతడు తన లెక్కలు తాను దాచుకొన్నాడు. మన లెక్కలు దాచవలసినది మనము.

కాగితాలు దాచుకొనడంలో ఎంతటి మేలున్నదో అమెరికావారి నావికుల వల్ల కూడా తెలుసుకొనవచ్చును. వారి స్వాతంత్ర్యయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరమే, 1784 డిసెంబరు 26న, ఫిలడెల్ఫియా నుండి బయలుదేరిన యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ పాండిచ్చేరికి వచ్చింది. మన దేశానికి వచ్చిన మొదటి అమెరికా ఓడ అదే. ఆ వెనుక మసాచుసెట్సులోని సేలం పట్టణపు నావికులు మద్రాసుకూ కలకత్తాకూ బారులు తీరినారు. ఆ సేలంలో 1799లో కప్తానులు ఒక సంఘం పెట్టుకొన్నారు. గుడ్ హోప్ అగ్రాన్నో హారన్ అగ్రాన్నో దాటి తిరిగివచ్చిన కప్తానులకు, ఓడలో సరుకుల బాధ్యత వహించిన వారికి మాత్రమే అందులో ప్రవేశం. ప్రయాణానికి పోయే సభ్యునికి సంఘమే ఖాళీ పుస్తకం ఇచ్చేది. చూచినది చూచినట్లు అందులో వ్రాసి, తిరిగివచ్చిన పిమ్మట సంఘానికి అప్పగించవలెను. ఆ సంఘం కూడబెట్టిన సామగ్రి నేడు సేలంలోని పీబొడీ ఎసెక్స్ మ్యూజియానికి పునాది అయినది.

తరువాత 1847 ప్రాంతాలలో అమెరికా నౌకాదళానికి చెందిన మాథ్యూ మోరీ మరియొక అడుగు వేసినాడు. సరుకుల ఓడల లాగుబుక్కులు, అనగా గాలి, నీరు, దిక్కు, దూరం గంట గంటకు గుర్తించే పుస్తకాలు, వేలకొలది సేకరించి, ఏ నెలలో ఏ సముద్రంమీద గాలి ఎటు వీస్తుందో చూపే పటాలు తయారు చేసినాడు. తన లాగుబుక్కు సారాంశం పంపిన కప్తానుకు ఆ పటాలు ఊరకే ఇచ్చేవాడు. ఒక్కొక్క కప్తాను వ్రాసుకొన్నది ఒక్క ప్రయాణం. అన్నీ ఒక చోట చేరేసరికి అది సముద్రపు స్వభావమే అయినది.

ఇదంతా పరాయివారి ముచ్చట అనుకొనకండి. ఇందులో కోనసీమవారి ప్రాణాలకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. కోరంగి రేవు పేరు మీరంతా విన్నదే. ఒకనాడు అక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. అక్కడి నుండి ఓడలెక్కి మనవారు బర్మాకు ఎంతగా తరలిపోయినారంటే, ఆ దేశంలో తెలుగువారికి కోరంగీలు అనే పేరే స్థిరపడినది. ఆ కోరంగిని 1789 డిసెంబరులో ఒక ఉప్పెన ముంచింది. మరల 1839 నవంబరు 25న మరియొక ఉప్పెన వచ్చి రేవును తుడిచిపెట్టినది. ఆ కాలంలో తుఫాను అంటే దైవాగ్రహం అనుకొనడమే గాని, దానికి ఒక నడక ఉన్నదని తెలిసినవారు బహు కొద్దిమంది. గాలి సుడి తిరుగుతుందని అమెరికాలో రెడ్‌ఫీల్డు, ఇంగ్లీషు సైన్యంలోని రీడ్ అప్పుడప్పుడే నిరూపిస్తున్నారు.

ఆ సమయంలో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండేవాడు. ఒకప్పుడు ఆయనా సరుకుల ఓడ కప్తానే. బంగాళాఖాతంలో తుఫాను పాలబడి బయటపడిన ఓడల లాగుబుక్కులన్నీ అడిగి తెప్పించుకొన్నాడు. ఫలానా గంటకు ఈ ఓడ మీద గాలి ఈశాన్యం నుండి వీచినది. అదే గంటకు అల్లంత దూరాన మరియొక ఓడ మీద నైరృతి నుండి వీచినది. పటంమీద గుర్తులు పెట్టుతూ పోతే, పాము చుట్ట చుట్టుకొన్నట్లు గాలి ఒక నడిమి చుట్టూ తిరుగుతూ, ఆ చుట్ట మొత్తం ముందుకు సాగుతున్నట్లు తేలింది. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుండి 1848లో తన గ్రంథంలో ఆయన సైక్లోన్ అనే పేరు పెట్టినాడు. నేడు లోకమంతా వాడే మాట అది. కాకినాడ రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారని మీరు రేడియోలో వింటారు గదా. ఆ వార్త వెనుక నేడు ఉపగ్రహాలున్నవి, రాడారులున్నవి. కాని ఆ విద్యకు ఓనమాలు దిద్దినది, గాలికి ఊగే దీపం క్రింద తడిసిన చేతులతో ఎవరో కప్తానులు వ్రాసిన పంక్తులు. మునిగిన ఓడ తన కథ చెప్పలేదు; తేలిన ఓడ చెప్పింది. చెప్పగలిగినది వ్రాసి ఉన్నందువల్ల.

మన దేశంలో మాత్రం వ్రాత లేదా? లేకేమి! మనవారు లెక్కలలో ఎవరికీ తీసిపోలేదు. చిట్టా, ఆవర్జా అనే మాటలు ఇంటింటా తెలిసినవే. గ్రామ కరణాలు దండకవిలెలు వ్రాసి తరతరాలు కాపాడినారు. కర్నలు మెకంజీ కొలువులో ఏలూరి వారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా సేకరించిన కైఫీయతులకు ఆ కవిలెలే ఆధారమైనవి. అయితే ఒక భేదం గమనించండి. మనకు మిగిలిన వ్రాతలో చాలా భాగం భూమిని గూర్చినది. భూమికి శిస్తు ఉన్నది, మాన్యం ఉన్నది, తగాదా ఉన్నది. కనుక దాని కాగితాన్ని ఎవరో ఒకరు జాగ్రత్త చేసినారు. నీటిమీద బ్రతికిన తండేలుకూ, సరంగుకూ, కళాసీకీ, ఓడ మేస్త్రీకీ అటువంటి కరణం లేడు. వారి లెక్క పడవలోనే పుట్టి, ఇంటి అటకమీద చెదలకు ఆహారమైనది.

ఇక్కడ నేను చెప్పుకొనవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఇది ఒకరిమీద నేరం మోపడం కాదు, నా తప్పే.

మా ముత్తాతకు ఒక పడవలో వాటా ఉండేదట. కొబ్బరికాయలూ ధాన్యమూ వేసుకొని కాలువల మీదా ఏటిపాయల మీదా అది కాకినాడ దాకా పోయి వచ్చేది. ఆ వ్యవహారం తాలూకు పొడుగాటి చిట్టా ఒకటి, ఎర్రగుడ్డ అట్టతో, మా ఇంటి అటకమీది భోషాణంలో ఉండేది. అంతా గొలుసుకట్టు వ్రాత. ఇంటిలో ఎవరికీ అందులో ఒక ముక్క చదవడం రాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను మీలో చాలమందికి ఇంకా కండ్లకు కట్టినట్లు ఉండవచ్చును. మా ఇంటి పెంకులు ఎగిరిపోయినవి; పెరటిలో ఒక్క కొబ్బరిచెట్టు నిలువలేదు. నాలుగు నాళ్ల తరువాత, తడిసిన సామానులో ఏది ఉంచవలెనో ఏది పారవేయవలెనో తేల్చే పని నాకు అప్పగించినారు. అప్పటికి నేను కాలేజీలో చేరిన కుర్రవాణ్ణి. నా పాఠ్యపుస్తకాలను ఆకు ఆకు విడదీసి ఆరబెట్టుకొన్నాను. బూజుపట్టి ముద్దయిన ఆ చిట్టాను మాత్రం, చదవరాని పుస్తకం ఎవరికి కావలెనని, విరిగిన కొమ్మల కుప్పమీద వేసి నిప్పంటించినాను.

రెండు నెలల తరువాత ఒక సాయంకాలం మా నాయనమ్మ అడిగినది: “అబ్బాయీ, ఆ ఎర్రట్ట పుస్తకం ఎక్కడ పెట్టావురా?” సంగతి చెప్పినాను. ఆమె కోప్పడలేదు. కొంతసేపటికి ఇట్లా అన్నది: “ఒకమాటు గాలివానలో పడవ పోతుంటే, తండేలు ప్రాణాలకు తెగించి ఒడ్డుకు చేర్చాడుట. మామగారి నాన్నగారు అతని ఇంటికి ఏటా ఇన్ని కుంచాల ధాన్యం పంపాలని అందులో రాసిపెట్టారురా. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఇంకా పంపుతూనే ఉండేవారు. తరవాత ఎప్పుడో మానేశారు. ఆ ఇంటివాళ్లు ఎవరో కనుక్కుందామని…” ఆ తండేలు పేరు ఏమిటని అడిగినాను. ఆమెకు జ్ఞాపకం రాలేదు. ఊరు కూడా జ్ఞాపకం రాలేదు. ఆ మాట అడిగిన ఏడాదికే ఆమె వెళ్లిపోయినది.

అందుచేత మా ఇంటికి ఒక బాకీ మిగిలిపోయినది. ఎవరికి తీర్చవలెనో తెలియని బాకీ. చరిత్ర, పరిశోధన అనే పెద్ద మాటలు అట్లా ఉంచండి. ఒక కాగితం పోతే ఒక మనిషికి మనం పడిన ఋణం కూడా పోతుందని నాకు అప్పుడు తెలిసినది. బౌరీ కాగితాలను గూర్చి చదివిన రోజున నాకు ముందుగా తోచినది నరసాపురం ఓడలు కావు. ఆ ఎర్రట్ట పుస్తకమే. పేరు మరచిపోయిన ఆ తండేలు, పేరు లేని ఆ నరసాపురం మేస్త్రీలు నా మనస్సులో ఒక్క వరుసలో నిలబడినారు.

కోనసీమలోను, గోదావరికి ఈవలావల ఉన్న ఊళ్లలోను నేటికీ భోషాణాలున్నవి. పడవ వాటాల పత్రాలు, బర్మా నుండి వచ్చిన ఉత్తరాలు, కొబ్బరి వర్తకుల చిట్టాలు, ఓడలమీద పనిచేసి వచ్చినవారి సర్టిఫికెట్లు వాటిలో ఇంకా ఉండవచ్చును. రేడియో వినే ప్రతి ఇంటివారికి నా మనవి ఇంతే. ఈ వేసవిలో అటక దులిపేటప్పుడు అటువంటి కాగితం కనిపిస్తే, చదవరాదు గదా అని పొయ్యిలో పెట్టకండి, తూకానికి వేయకండి. తడిసి ఉంటే ఎండలో పెట్టక నీడలో గాలికి ఆరనివ్వండి. అంటుకొన్న ఆకులను బలవంతంగా విడదీయకండి. చిరిగిన చోట జిగురు కాగితం అంటించకండి. శుభ్రమైన పాతబట్టలో చుట్టి, నేలకు ఎత్తుగా, తేమ తగలని చోట ఉంచండి. అది ఎవరిది, ఎప్పటిది, మీకు ఎట్లా వచ్చినది అనే మూడు సంగతులు వేరొక కాగితంమీద వ్రాసి దానితోబాటు పెట్టండి. మీకు ఇది చిన్నపని. రేపటివానికి అదే తాళంచెవి.

గొలుసుకట్టు చదవగల వృద్ధులు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలి ఉన్నారేమో వెదకండి. వారి ఎదుట కూర్చుండి చదివించుకొని, మామూలు తెలుగులో వ్రాసుకొనండి. చేతిలో ఉండే ఫోనుతోనే పుట పుటకూ ఛాయాచిత్రం తీయవచ్చును. ఇంటిలో ఉంచుకొనే వీలు లేనివారికి రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలో సారస్వత నికేతనం వంటి పాత వ్రాతల విలువ ఎరిగిన సంస్థలున్నవి. పారవేసే ముందు వారిని ఒక్కమాట అడిగి చూడండి.

తామస్ బౌరీ మన దేశానికి మేలు చేయవలెనని ఆ కాగితాలు దాచలేదు. తన లాభనష్టాలు తనకు తెలియడానికి దాచుకొన్నాడు. అతడు వ్యాపారి, అతని మెప్పు వెనుక ఓడ చౌకగా, గట్టిగా తయారవుతుందనే లెక్క ఉన్నది. అయినా, ఆ లెక్కల నడుమ మన కమ్మరి సమ్మెట మ్రోత, మన మేస్త్రీ కేక, పోటునీటిలోకి జారే ఓడ చప్పుడు చిక్కుకొని నిలిచిపోయినవి. మన మాటను పరాయివాడు చెప్పగా విన్నాము. మిగిలినదైనా మన నోట మనం చెప్పుకొనవలెనంటే, అది మన పెట్టెలలోనే వెదకవలెను.

ఈసారి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు నడియేటిలో ఒకసారి తల ఎత్తి అవతలి గట్టు చూడండి. ఆ గట్టున పనిచేసినవారి మనుమలు, మునిమనుమలు నేడు మన మధ్యనే, ఏ పేరుతోనో, ఏ ఊరిలోనో ఉండి ఉంటారు. వారిలో ఒకరి పేరు మీ ఇంటి భోషాణంలోనే ఉన్నదేమో, ఎవరు చెప్పగలరు?